విస్రం అంటే ఏ వాసన?

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. ముప్పయ్యేళ్ళు ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలల్లో పనిచేశాను. నాడి చూసిన చేత్తోనే బల్ల గుద్దాను, మందు చెప్పిన నోటితోనే తిట్టాను. అయినా జనం వచ్చారు, అది వాళ్ళ మంచితనం. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ సర్వీసులో పెద్ద విజయం ఏది?" అని అడుగుతుంటారు. ఏ మొండిరోగమో కుదిర్చిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం ఒక వాసన గురించి చెబుతాను. ఆ విజయం నాది కూడా కాదు, నాకు తప్పని చెప్పిన మనిషిది.

మాది విజయనగరం. మా ఇంట్లో ఒక గదిలో వీణ, ఇంకో గదిలో సంస్కృతం. తాతగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని శ్లోకాలు చెప్పించారు. అందువల్ల ఆయుర్వేదం చదివేటప్పుడు నాకు కష్టమన్నది తెలియలేదు. వాతానికి ఇన్ని గుణాలు, పిత్తానికి ఇన్ని, కఫానికి ఇన్ని అని గడగడా అప్పజెప్పేదాన్ని. క్లాసులో పక్కవాళ్ళు తడబడితే నవ్వేదాన్ని కూడా. ఉల్లిపాయ సైతం వంటింట్లోకి రాని ఇల్లు మాది. అలాంటి దాన్ని తీసుకెళ్ళి కళింగపట్నం పక్కన, ఊరు ఊరంతా చేపలెండబెట్టే చోట వేశారు. మొదటిరోజు బస్సు దిగుతూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆ కొంగు కిందికి దిగడానికి చాలా కాలమే పట్టింది.

వైద్యశాలలో ముగ్గురం. నేను, కాంపౌండరుగారు, అప్ప.

కాంపౌండరుగారిది చీపురుపల్లి వైపు. వాళ్ళ తాతల నాటినుంచీ బాప్టిస్టు మిషను చర్చివాళ్ళు. పొట్లాలు కడుతూ సన్నగా కీర్తనలు పాడుకునేవారు. నేను విసుక్కుంటే పాట ఆపి, నా విసుగు తగ్గాక ఆపినచోటి నుంచే అందుకునేవారు. అప్ప మా ఊడ్చే మనిషి. మా వైపు అక్కని అప్ప అంటారు కదా, ఊరంతా ఆవిణ్ణి అలాగే పిలిచేది. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. తెల్లారి ఇసకలో చేపలు పరిచి, ఎనిమిదింటికి వైద్యశాలకొచ్చి గచ్చు కడిగి, మళ్ళీ సాయంత్రం చేపలు ఎత్తుకునేది. చదువు అయిదో తరగతి. ఏళ్ళుగా అదే పని.

అప్ప సంగతి నాకు మొదట తెలిసింది నెయ్యి దగ్గర. ఒకతనికి అరుగుదల లేక చూర్ణం ఇచ్చాను, నేతితో పుచ్చుకోమన్నాను. మందుని ఏ పదార్థంతో కలిపి తీసుకోవాలో దాన్నే అనుపానం అంటాం. రెండు వారాలైనా గుణం కనబడలేదు. పథ్యం చెయ్యడం లేదని అతన్ని అందరి ముందూ కడిగేశాను. అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు. అప్ప చీపురు ఆపి నా వైపు చూసింది.

"ఆళ్ళింట్లో నెయ్యెక్కడిది అమ్మగోరూ? గంజితో మింగుతన్నాడు. మీకు సెప్పడానికి సిగ్గు."

నాకు మొహం చెల్లలేదు. మర్నాడు అతనికి మజ్జిగ అనుపానంగా మార్చాను, వారంలో తేరుకున్నాడు. ఆ తరవాత మందు రాసేముందు అప్ప వైపు ఓసారి చూడటం నాకు అలవాటైంది. ఎవరింట్లో ఏముందో, ఎవరు మందు చాటుగా పారబోస్తారో అన్నీ ఆవిడకి తెలుసు.

కాంపౌండరుగారు రిటైరు కావలసిన ఏడాది పైనుంచి ఒక కాగితం వచ్చింది. మందులు పొట్లం కట్టి, ఎలా వాడాలో చెప్పి ఇచ్చే సహాయకుల పోస్టులు కొన్ని వేస్తున్నారు. వైద్యశాలల్లో ఏళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళకి ముందు అవకాశం. చదవడం రాయడం వస్తే చాలు. కాకపోతే శాస్త్రంలోని మూల పదాలు తెలుసో లేదో శ్రీకాకుళంలో నోటి పరీక్ష పెడతారు. ఒకసారి తప్పితే ఇంకోసారి రావచ్చు. రెండోసారీ తప్పితే ఇంటికే. ఎందుకంటే ఊడ్చే పనిని ఎలాగూ కాంట్రాక్టరుకి అప్పగించేస్తున్నారు.

కాగితం చదివి వినిపిస్తే అప్ప చేతులు తుడుచుకుని మందుల కిటికీ వైపు చూసింది.

"ఆ కిటికీ కాడ కూసుని, ఇది తేనెతో, ఇది మజ్జిగతో అని నాను సెప్పాల అమ్మగోరూ. పదకొండేళ్ళనుంచి అదే అనుకుంతన్నాను."

"నేనున్నానుగా, నేర్పుతాను," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నామీద ఒళ్ళు మండుతుంది.

నేను నేర్పిందేమిటంటే, తాతగారు నాకు నేర్పిందే. శ్లోకం చెప్పించడం, తప్పితే మళ్ళీ మొదటినుంచి చెప్పించడం. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు. నెల తిరిగేసరికి అప్ప మూడు దోషాలు, ఏడు ధాతువులు, వాటి గుణాలు ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. నా గొప్ప నాకే ముద్దొచ్చింది. పరీక్ష ముందురోజు ఇంకో ఘనకార్యం కూడా చేశాను. వాసన సబ్బు, పౌడరు డబ్బా కొనిచ్చి, "బాగా రుద్దుకుని స్నానం చెయ్యి. రేపు చేపల వాసన రాకూడదు," అన్నాను. అప్ప రెండూ తీసుకుని కొంగులో మూటకట్టుకుంది.

పరీక్ష చేసేవాళ్ళు ఇద్దరు. ఒకావిడ శాఖ అధికారి, ఒకాయన పేరుమోసిన ప్రొఫెసరు. ప్రొఫెసరుగారు మొదట్నుంచి అడగలేదు, నడిమధ్యలోంచి అడిగారు. "ఖరం ఏ దోషం గుణం?" అన్నారట. అప్ప మొదటినుంచి అందుకుంది. ఆయన ఆపి, మళ్ళీ అదే అడిగారు. మళ్ళీ మొదటినుంచి అందుకుంది. మూడోసారికి నోరు పెగల్లేదు. బయటికొచ్చేసరికి మొహంమీద పౌడరు చెమటకి చారలు కట్టి ఉంది.

తిరుగు బస్సులో నేను నోరు మూసుకుని ఉండవలసింది. ఉండలేదు. "ఇంత చెప్పాను, ఒక్కమాట చెప్పలేకపోయావా, నా పరువు తీశావు" అని ఊరొచ్చేదాకా తిట్టాను. అప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మర్నాటినుంచి వచ్చేది, ఊడ్చేది, కడిగేది, వెళ్ళిపోయేది. ఒక్క మాట లేదు. రోగులు వాళ్ళింటి సంగతులు చెబుతున్నా చెవిన పెట్టేది కాదు. ఎనిమిది రోజులు అలా గడిచాయి.

తొమ్మిదో రోజున కాంపౌండరుగారు పాట ఆపారు. నేను విసుక్కోకుండానే ఆపారంటే విషయమేదో ఉందన్నమాట.

"డాక్టరమ్మా, ఒక మాట అంటాను, కోప్పడకండి. మా చర్చిలో నాను పిల్లలకి వాక్యాలు కంఠతా పట్టించేవోణ్ణి. గడగడా సెప్పీసేవోరు. అర్థమేటిరా అంటే గోడకేసి సూసేవోరు. తప్పు ఆ పిల్లగుంటలది కాదమ్మా. తప్పు నాదే."

నాకు చర్రున కోపం వచ్చింది. ఆ కోపంలోనే చెప్పులేసుకుని సముద్రం వైపు నడిచాను. దారిలో సగం దూరానికే కోపం దిగిపోయింది, సిగ్గు మిగిలింది. అప్పకి క్షమాపణ ఎలా చెప్పాలో తెలియక ఇసకలో నిలబడిపోయాను. అప్ప నన్ను చూడలేదు, కోడలికి పని చెబుతోంది.

"ఒసే, ఆ నెత్తళ్ళ సేపలు గాలికి అలాగొదిలీకు, మరీ ఎండిపోయి పిండైపోతాయి. కవళ్ళ సేపలు తిరగెయ్యి, ఎండ ఎక్కువైతే నూనె కక్కీసి ఘాటెక్కిపోతాయి. ఈ తడి మూల ఏసినావేటి? జిగురొచ్చీసినాది సూడు, పురుగు పట్టీస్తాది. గాలీ ఎండా తడీ, మూడూ సరిగ్గా ఉండాలే. ఏదెక్కువైనా సేప సెడిపోతాది."

నేను నిలబడ్డచోటే కూలబడ్డాను. గాలి, వేడి, తడి. వాతం, పిత్తం, కఫం. మూడూ సమంగా ఉంటే ఆరోగ్యం, ఒకటి పెరిగితే రోగం. నెలరోజులు నేను రెండేసి గంటలు అరిచి చెప్పింది ఈవిడ రోజూ తెల్లారే ఇసకలో చేస్తోంది. అయ్యో, నా చదువు! పైగా ఈవిడకి చేపల వాసన రాకూడదని సబ్బు కొనిచ్చాను.

"అప్పా, నన్ను క్షమించు," అన్నాను. అంత సూటిగా ఎవరికీ ఆ మాట చెప్పి ఎరగను.

అప్ప కంగారుపడి, "ఊరుకోండమ్మగోరూ, ఇసకలో కూకుండిపోనారేటి? సీర పాడైపోతాది," అంటూ నన్ను లేవదీసింది.

మర్నాటినుంచి మా బడి అక్కడే. శ్లోకం కట్టిపెట్టాను. ఎండిన నెత్తలి చేప ఒకటి తీసి, ఎలా ఉందో చెప్పమన్నాను.

"గరుగ్గా ఉన్నాది. తేలిగ్గా ఉన్నాది. తడన్నది నేదు. గాలొస్తే ఎగిరిపోతాది."

"గరుకుదనం ఖరం. తేలిక లఘువు. పొడిదనం రూక్షం. కదలిక చలం. ఇదే వాతం."

"ఇంతేనా!" అంది. అని, అప్పుడే పడవలోంచి దింపిన చేపని తీసి నా అరచేతిలో పెట్టేసింది. నేను కెవ్వుమన్నాను. జన్మలో చేపని ముట్టుకోలేదు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"ఇప్పుడు మీరు సెప్పండి," అంది అప్ప.

చల్లగా ఉంది, బరువుగా ఉంది, నున్నగా ఉంది, జిగటగా ఉంది. శీతం, గురువు, శ్లక్ష్ణం, మృత్స్నం. కఫం గుణాలన్నీ నా చేతిలో ఉన్నాయి. ఇరవయ్యేళ్ళుగా మృత్స్నం అనే మాట పలుకుతున్నాను, అదెలా ఉంటుందో ఆ పూట తెలిసింది.

పేచీ వచ్చింది పిత్తం దగ్గర. వేడి, ఘాటు, కొద్దిగా నూనె, కవళ్ళలో అన్నీ చూపించింది. పిత్తానికి ఇంకో గుణం ఉంది, విస్రం. "విస్రం అంటే దుర్గంధం. అంటే కుళ్ళు వాసన," అన్నాను.

"ఏ కుళ్ళు వాసనమ్మగోరూ?"

"అదే, ఇక్కడొచ్చే వాసన."

"ఇక్కడ ఒక్క వాసనేటి? నాలుగున్నాయి." నా చెయ్యి పట్టుకుని తిప్పింది. ఇది ఎండు వాసన, ఇది చెడిపోయినదాని వాసన, ఇది ఉప్పు వాసన. చివరికి అప్పుడే కోసిన చేప దగ్గర ఆగింది. "ఇది పచ్చి వాసన. నెత్తురుది. సెడిపోయింది కాదు. పైత్యం ఎక్కువైనోలు కక్కుకుంటే ఈ వాసనే వస్తాది. పదకొండేళ్ళనుంచి ఆ గచ్చు కడుగుతన్నాను, నాకు తెలవదా? మీ విస్రం ఇదేనమ్మా. కుళ్ళు కాదు."

నాకు ఆ తేడా తెలియలేదు. నాకు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తాతగారి నిఘంటువు తీసి చూస్తే అయిదు నిమిషాల పని, కానీ అహం అడ్డొచ్చింది. "మేమంతా దుర్గంధమనే చదువుకున్నాం. పరీక్షలో నువ్వూ అదే చెప్పు," అని కొట్టిపారేశాను. అప్ప మూతి బిగించింది, ఒప్పుకున్నట్టు మాత్రం తలూపలేదు.

రెండో పరీక్ష రోజు వచ్చింది. అప్ప తెల్లారి చేపలు కోసి, వాటిని పరిచి, స్నానం చేసి, మామూలు చీరలో బస్టాపుకొచ్చింది. పౌడరు లేదు. సబ్బు వాసన కింద ఆ పచ్చి వాసన తెలుస్తూనే ఉంది. నేను ఏమీ అనలేదు, అనే హక్కు పోగొట్టుకున్నాను కదా. కాంపౌండరుగారు సైకిలు దిగి, "ప్రార్థన చేసినానమ్మా," అని చెప్పి వెళ్ళారు.

ఈసారి కూడా ఆ ఇద్దరే. నేను వరండాలో బల్లమీద కూర్చున్నాను. పది నిమిషాలన్న పరీక్ష అరగంటైనా అవలేదు. లోపల గొంతులు పెరిగాయి. అందులో అప్ప గొంతు గుర్తుపట్టాను. ఇంతలో అటెండరు తలుపు తీసి, "కళింగపట్నం డాక్టరమ్మని రమ్మంతన్నారు," అన్నాడు.

అప్ప కుర్చీ చివర నిటారుగా కూర్చునుంది. అధికారి చేతిలో కలం. ప్రొఫెసరుగారి మొహం కందిపోయి ఉంది.

"ఏమమ్మా, అన్నీ బాగానే చెప్పింది. ఎక్కణ్ణుంచి అడిగినా తడుముకోలేదు. కానీ విస్రం అంటే దుర్గంధం అని నేను సరిదిద్దితే కాదంటోంది. నాతో వాదిస్తోంది! మీరేం చెప్పారు ఈవిడకి?"

"దుర్గంధమనే చెప్పానండి."

"అయితే తప్పే కదా," అని అధికారి కలం కాగితంమీదికి దించారు.

అప్ప నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. నెయ్యి సంగతి చెప్పిన రోజు చూసిన చూపే. ప్రొఫెసరుగారితో అవునంటే నా పరువు నిలుస్తుంది, బహుశా ఆయన మెత్తబడి ఈవిణ్ణి నెగ్గించేస్తారు కూడా. కాదంటే ఇద్దరం మునుగుతాం. ఆలోచించే ఓపిక నాకు ఎప్పుడూ లేదు, ఆ రోజు అదే మంచిదైంది.

"ఆగండి మేడమ్," అన్నాను. "నేను చెప్పిందే తప్పు. ఈవిడ చెప్పింది ఒప్పు. మా ఇంట్లో చేప అడుగుపెట్టలేదండి. ఆ వాసన ఎలా ఉంటుందో తెలియకుండానే పాఠం చెప్పాను. ఈవిడకి తెలుసు. అనుమానముంటే నిఘంటువు చూడండి."

ప్రొఫెసరుగారు సంచిలోంచి అట్ట చిరిగిన నిఘంటువు తీశారు. ఆయన అది లేకుండా గడప దాటరని విన్నాను. పేజీలు తిప్పారు, వేలు ఒకచోట ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఆమగంధి," అన్నారు మెల్లగా. "ఆమం అంటే..." అని అప్ప వైపు తిరిగి, "ఆమం అంటే ఏమిటమ్మా?" అని అడిగారు. ఈసారి ఆ గొంతులో పరీక్ష లేదు.

"పచ్చిది బాబూ. ఉడకనిది. పొయ్యిలో మంట సాలకపోతే కూడు పచ్చిగా ఉండిపోద్ది కదా, అలాగ. కడుపులో అగ్ని సాలకపోతే తిన్నది ఆమమైపోతాది."

"ఆమగంధి అంటే పచ్చి వాసన," అన్నారాయన అధికారితో. "దుర్గంధమని రాసుకుంటే సరిపోదు. ఈవిడ చెప్పిందే సరి." మళ్ళీ అప్పతో, కాస్త మొహమాటంగా, "ఇంతకీ ఎలా ఉంటుందమ్మా అది? మా ఇంట్లోనూ..." అని ఆగారు.

అప్ప లేచి, బల్లమీంచి అరచెయ్యి చాచింది. "పొద్దున్నే కోసొచ్చినాను. ఎంత తోమినా ఇది పోదు. సూసుకోండి బాబూ."

జిల్లాలో సగం మంది వైద్యులకి పాఠం చెప్పిన ఆ పెద్దమనిషి ముందుకి వంగి, ఆ చేతి దగ్గర కళ్ళు మూసుకుని గాలి పీల్చారు. తలూపారు.

"ఇన్నేళ్ళూ ముక్కు మూసుకునే పాఠం చెప్పానమ్మా," అన్నారు. అని, అప్పకి రెండు చేతులూ జోడించారు.

అధికారి కలం కాగితంమీద కదిలింది. నేనున్నచోటు నుంచే ఆ టిక్కు కనబడింది.

అప్ప రిటైరయ్యేదాకా ఆ కిటికీ దగ్గరే ఉంది. నేను బదిలీ అయి వచ్చేశాక వచ్చిన డాక్టర్లిద్దరూ మందు రాసేముందు ఆవిడ వైపు చూసేవారని విన్నాను. పిల్లలూ, మీరు కూడా పుస్తకంలో మాట చదివినప్పుడు అది చేతికెలా తగులుతుందో, ముక్కుకెలా తెలుస్తుందో ఎరిగినవాళ్ళని వెతుక్కోండి. వాళ్ళు మీ గచ్చు కడుగుతూ ఉండొచ్చు.

ఆ రోజు తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. మా ముందు సీట్లో ఇస్త్రీ చొక్కా అబ్బాయి జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని, వెనక్కి తిరిగి, "ఏటండీ ఈ వాసన?" అన్నాడు. మొదటి పరీక్షకి వెళ్ళిన రోజైతే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అప్ప సీట్లో సర్దుకుని కూర్చుని, బస్సంతా వినబడేలా జవాబు చెప్పింది.

"విస్రం బాబూ, విస్రం! మా డాక్టరమ్మనడుగు, నీకూ నేర్పుతాది."

నాకు నవ్వు ఆగలేదు. కళింగపట్నం వచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. నవ్వీ నవ్వీ కళ్ళవెంట నీళ్ళు కారితే, ఆ ఊళ్ళో మొదటిరోజు ముక్కుకి అడ్డం పెట్టుకున్నానే, ఆ కొంగుతోనే తుడుచుకున్నాను.